మిరియం ఆరబెట్టిన ఆకు

మా పిన్ని కూతురిని ఇంట్లో అందరూ మిరియం అంటారు. చూడ్డానికి ఇంతే ఉంటుంది, బుర్ర మాత్రం మహా చురుకు. దాన్ని మా ల్యాబులో చేర్పించింది నేనే. ఆ సంగతి తలుచుకుని లెంపలు వేసుకోని రోజు లేదు.

మూడేళ్లుగా నేను ఒక అడవి తీగ వెంట పడ్డాను. రాళ్ల సందుల్లో మొలుస్తుంది. కొండ మీదివాళ్లు ఆకు నూరి పుండ్లకు కడతారు. అందులో యాంటీ ఆక్సిడెంట్లు ఎంత ఉన్నాయో తేల్చడం నా పని. పరీక్ష చెప్పుకుంటే తేలికే. ఊదా రంగు ద్రావణంలో ఆకు సారం కలిపి అరగంట చీకట్లో ఉంచాలి. సారంలో బలముంటే రంగు విరిగి పసుపుపచ్చగా మారుతుంది. నా గొట్టాలు మూడేళ్లలో ఒక్కసారి కూడా పచ్చబడలేదు. కాస్త వెలిసేవి, అంతే. సరే, బలహీనమైన మొక్క అని రాసుకున్నాను. వ్యాసంలో మొదటి పేరు నాదైతే చాలు, డాక్టరేట్ వచ్చేస్తుంది.

మిరియం చేరిన ఆరో నెలలో, అదే తీగ ఆకుతో, దాని గొట్టాలు నిమ్మపండు రంగుకు తిరిగాయి.

మా గైడు మేడమ్ అందరినీ పిలిచి చూపించారు. నావైపు తిరిగి, "మూడేళ్లు చేశావు, ఇది నీకెలా కనబడలేదమ్మా?" అన్నారు. "ఇదే నిజమైతే మొదటి పేరు చిన్నదానిదే పెట్టాలి. గురువారం మీటింగులో తేలుద్దాం."

అక్కా అక్కా అని వెనకాల తిరిగిన పిల్ల నెత్తికెక్కి కూర్చుంది. సాయంత్రం మా అమ్మ ఫోన్ చేసి, "చెల్లి ఏదో కనిపెట్టిందటగా, నువ్వు చెప్పనేలేదేం?" అంది. నన్ను కన్న తల్లి ఆమె!

నా చేతిలో ఒక్క ఆయుధం ఉంది. ఆ రోజు మిరియం గొట్టాలకు రేకు చుట్టలేదు. స్టాండును కిటికీ గట్టు మీద పెట్టి టీకి వెళ్లిపోయింది. ఆ ద్రావణం వెలుతురు తగిలితే తనంతట తానే వెలిసిపోతుంది. నేను కళ్లారా చూశాను, నోరు విప్పలేదు. గురువారం అందరి ముందూ విప్పుదామని దాచుకున్నాను.

ఎందుకైనా మంచిదని ఆదివారం పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు, దాని సారం కొంచెం తీసి పరీక్ష నేనే చేశాను. రేకు చుట్టాను, బీరువాలో పెట్టి తలుపు వేశాను. పక్కనే సారం కలపని గొట్టం ఒకటి, నా సారం కలిపినది ఒకటి. అరగంట తర్వాత రేకు విప్పితే మిరియం గొట్టం పసుపుపచ్చగా ఉంది. మిగతా రెండూ ఊదాగానే ఉన్నాయి.

దాని పుస్తకం తీసి చదివాను. ఆకు కాగితాల మీద పరిచి, నీడలో వారం రోజులు ఆరబెట్టిందట. నేనేమో ఆకులో నీరెంతో కొలవడానికి నూట ఐదు డిగ్రీల ఓవెన్లో పెట్టేదాన్ని. కొండెక్కి తెచ్చిన ఆకు పారేయడం దేనికని, కొలత అయ్యాక దాన్నే పొడి చేసి సారం తీసేదాన్ని. నా పొదుపు చూసి నేనే మురిసిపోయేదాన్ని. మూడేళ్లుగా మాడిన ఆకుని పరీక్షించాను. మొక్క తప్పేమీ లేదు.

గురువారం నేను కిటికీ గట్టు సంగతి చెప్పాను. ఆదివారం సంగతి చెప్పలేదు.

"రేకు చుట్టలేదా?" అన్నారు మేడమ్.

మిరియం మొహం ఎర్రబడింది. "మర్చిపోయాను మేడమ్. అక్క చూసిందంటే నిజమే. నా లెక్కలు తీసేయండి."

ఒక్క మాట ఎదురాడలేదు. ఆడితే బాగుండేది. మేడమ్ నిట్టూర్చి, నా అంకెలే ఉంచమన్నారు. మొదటి పేరు నాదే. మధ్యాహ్నం దాకా గాలిలో తేలుతున్నట్టు తిరిగాను. రేపో మాపో మెల్లగా మిరియం చేత మళ్లీ చేయించవచ్చు, అప్పుడు దాని పేరు రెండోదిగా పెట్టవచ్చు అని లోపల లెక్కలు కూడా వేసుకున్నాను.

మూడింటికి అది నా బల్ల దగ్గరికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, కోపమా?"

"నాకెందుకే కోపం?"

"నీ పరువు కూడా తీశాను కదా, నువ్వే చేర్పించావు. అందుకే ఆ తప్పుడు సారం సింకులో పారబోశా. మళ్లీ మొదట్నుంచీ నీ పద్ధతిలోనే చేస్తా. సంచిలో మిగిలిన ఆకంతా ఓవెన్లో పెట్టేశా. నూట ఐదు, నీ పుస్తకంలో ఉన్నట్టే."

"అంతానా?"

"అంతా. పొద్దున మీటింగు అవగానే."

మళ్లీ వానలు పడితే గాని ఆ తీగ చిగురించదు. ఓవెన్ తలుపు సందుల్లోంచి మాడు వాసన వస్తోంది. మిరియం నన్నే చూస్తూ నిలబడింది, నేను సరే అంటే చాలన్నట్టు. నేను ఎవరినీ అలా నమ్మలేదు, ఎప్పుడూ. దానిమీద నాకు అప్పుడు కూడా అసూయే కలిగింది.