క్లెమ్ ప్రోబర్ట్ టికెట్ కొనుక్కుని వచ్చిన రోజు

ఫిబ్రవరి రెండో ఆదివారం, టికెట్ పెట్టి తోటలోకి జనాన్ని రానిచ్చే రోజు. అవిస్ థోర్న్‌హిల్ ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చేవాళ్లకు అమ్మే సూప్ పొయ్యి మీద పెట్టి, అడవితోట దారుల వెంట తాళ్లు కట్టి, గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. టికెట్లు చింపడం వదిన బ్రెండా పని. మనుషుల్ని గమనించడం అవిస్ పని. చలికాలంలో నేలబారుగా పూసి, తల వేలాడేసుకుని ఉండే తెల్లటి స్నోడ్రాప్ పూలు చూడ్డానికి వచ్చేవాళ్లంతా మర్యాదస్తులే. ఆ మర్యాదస్తుల కోటు జేబుల్లోనే గడ్డలు తవ్వే వంటింటి స్పూన్లు ఉంటాయనీ, తాగేసిన ఫ్లాస్కుల్లో పూలగడ్డలు ఇంటికి వెళతాయనీ ఆమెకు బాగా తెలుసు.

"ఆ పెద్దాయన ఫ్లాస్కు ఒకసారి కదిపి చూడనా?" అని గొణిగింది.

"ఆయన మన పాస్టరు."

"అయితే?"

ఈ ఏడు సందర్శకులకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. ఆ తోటలో స్నోడ్రాప్ పూలు తమను నాటిన మనిషి దగ్గరికొస్తే తలెత్తి చూస్తాయి, వెళ్లగానే దించుకుంటాయి. బ్రెండా టీపొడి పిప్పి పారబోయడానికి వంటింటి వెనక్కి వెళితే, అక్కడ ఆమె నాటినవన్నీ ఏం పారబోస్తోందా అన్నట్టు చూస్తాయి. కొండవాలు మొత్తం నాటింది మాత్రం తోటమాలి క్లెమ్ ప్రోబర్ట్. అతను పనిచేసిన ముప్ఫై ఏళ్లూ జనం వంగకుండానే పూల లోపలి ఆకుపచ్చ గీతలు చూసి మెచ్చుకున్నారు. ఇప్పుడు బురదలో మోకరిల్లాల్సి వస్తోంది.

క్లెమ్‌ని నిరుడు అవిస్ తానే వెళ్లగొట్టింది. వాళ్ల నాన్న ఈ అడవిలో కనిపెట్టిన పసుపు స్నోడ్రాప్ లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ గుబురులో సగం గడ్డలు ఉన్నట్టుండి మాయమయ్యాయి. సూప్ బల్ల దగ్గర అందరి ముందూ ఆమె క్లెమ్‌ని నిలదీసింది. అతను మారు పలక్కుండా తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. దొంగ కాకపోతే నోరు విప్పేవాడు కాదా అనుకుందామె. మిగిలిన సగం మొన్న జనవరిలో బూజు తెగులు పట్టి కుళ్లిపోయింది. నాన్న పువ్వు ఇక లేనట్టే. ఆ సంగతి ఆమె బ్రెండాకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పదకొండు గంటలకు కొండవాలు మీద ఉన్నట్టుండి కెమెరాల చప్పుడు. అవిస్ తిరిగి చూసింది. కింది వరస పూలన్నీ తలెత్తి ఉన్నాయి.

"వాడొచ్చాడు కదూ?"

"టికెట్ కొన్నాడు. కొన్నవాణ్ణి ఎలా ఆపను?" అంది బ్రెండా.

జనంలో అతని టోపీ కనపడలేదు. కనపడాల్సిన పనీ లేదు. పూలు ఎక్కడ లేస్తున్నాయో, ఎక్కడ వాలుతున్నాయో చూసుకుంటూ అవిస్ వెంటపడింది. తెల్లటి అల వాలు ఎక్కింది, వాగు పక్కకు తిరిగింది, తాడు దగ్గర ఆగింది. తాడు అవతల పూలు లేవు, పాడుబడ్డ సున్నపు బట్టీ తప్ప. దొంగిలించినవాటిలో మిగిలిందేదో అక్కడ దాచుంటాడు, ఇవాళ పట్టుకుపోవడానికే వచ్చాడు అనుకుని ఆమె తాడు దాటింది.

బట్టీ గోడ వెనక క్లెమ్ టోపీ చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని కాళ్ల ముందు, ఐవీ తీగల మధ్య, పసుపు స్నోడ్రాప్ పూలు తలెత్తి అతన్నే చూస్తున్నాయి.

"మీవి బూజు పట్టి పోయాయని బ్రెండాగారు చెప్పారు," అన్నాడతను తిరగకుండానే. "ఇవీ పోయాయేమో చూద్దామని వచ్చాను. అన్నీ ఒకేచోట ఉంచొద్దు, ఎక్కడ పెట్టావో నాక్కూడా చెప్పొద్దు, వచ్చినవాళ్లకు చూపించేస్తాను అనేవారు మీ నాన్నగారు. అందుకే నిరుడు సగం ఇక్కడికి మార్చాను."

"నిరుడు అడిగినప్పుడు చెప్పొచ్చుగా?"

"ఎక్కడున్నాయని మీరు అడగలేదు. ఎవరికి అమ్మావని అడిగారు."

సోమవారం నుంచి పనిలోకి వస్తావా అందామె.

"దొంగ అన్న మాట సూప్ బల్ల దగ్గర అన్నారు. వెనక్కి తీసుకునేదీ అక్కడే తీసుకోండి."

అవిస్ బూటుకంటిన బురద గోడకేసి రాసింది. "సరే," అంది.

క్లెమ్ వంగి, ఆకుమట్టిలో వేళ్లు దూర్చి, పూలతో సహా నాలుగు గడ్డలు లేపి ఆమె దోసిట్లో పోశాడు. ఇంకోచోటు చూసి మీరే పెట్టండి, నాక్కూడా చెప్పొద్దు అన్నాడు. అవిస్ ఇబ్బందిగా నిలబడింది. యాభై ఎనిమిదేళ్లలో ఆ తోటలో ఆమె ఒక్క గడ్డా నాటలేదు. కాపలాతోనే సరిపోయింది.

అతను వాలు దిగిపోయాడు. బట్టీ వెనక పసుపు పూలు తలలు దించుకున్నాయి. చేతిలోవీ వాలిపోయాయి.

ఆమె ఇంకాస్త పైకి వెళ్లి, ఎవరూ చూడటం లేదని రెండుసార్లు సరిచూసుకుని, గోళ్లతోనే మట్టి తవ్వి పాతింది. చేతులు దులుపుకుని లేచేసరికి నాలుగు పూలూ తలెత్తి ఉన్నాయి.

క్లెమ్ తిరిగొచ్చాడేమోనని అవిస్ గబుక్కున వెనక్కి చూసింది. ఎవరూ లేరు.