కనపడకుండా చేసే గలీబు

ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం మొగుడి దెబ్బలు కాదు. తాను ఆడిన అబద్ధాన్ని నమ్మి కూతురు ఆ దెబ్బలకి ఎదురెళ్తుందేమోనని.

ఆమె పరుపుల కొట్టుకి ఇంట్లోనే దిండు గలీబులు కుట్టేది. అతనిది కోతమిల్లులో రంపం పని. సాయంత్రం అతను మెట్లెక్కి చెప్పులు విప్పుతుంటే ఆమె చెవులు రిక్కించేది. రెండూ ఒకేచోట పడితే అన్నం వడ్డించడమే. విడివిడిగా పడితే పళ్లేలు గాల్లోకి లేచేవి.

ఏడేళ్ల కూతురికి కుదురు లేదని అందరూ మిడత అనేవారు. దానికి మూడేళ్లప్పుడు, చెప్పులు విడివిడిగా పడిన ఒక రోజు, చేతికందిన పొడుగాటి గలీబు నెత్తిన కప్పి మూల కూర్చోబెట్టింది.

"ఇది మాయ గలీబు తల్లీ. కప్పుకుంటే నాన్నకి కనపడవు."

కదలకూడదని చెప్పడం మరిచిపోయింది. భయంతో పిల్ల ఎలాగూ కదిలేది కాదు గనక, చెబితే మాయ మీద నమ్మకం పోతుందేమోనని తర్వాతా చెప్పలేదు.

మిడత పిల్లికూన కావాలని ప్రాణం తోడేసేది.

"ఎందుకే? అరవడానికి మీ నాన్న చాలడా?"

"నాన్నని ఒళ్లో పడుకోబెట్టుకోలేం కదమ్మా!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్విన పాపానికి ఆమె కాదనలేకపోయింది. పరుపుల కొట్టులో దూది మూటల మధ్య ఈనిన పిల్లి కూనల్లో ఒకటి ఇంటికొచ్చింది. దాని పేరు దూది.

మూడో రోజు ఒక చెప్పు తలుపుకి తగిలింది, రెండోది గోడకి. మిడత గలీబులో దూరింది. కుట్టుమిషను కింద దూది మ్యావుమంది.

"ఏంటే ఇది? నా కొంప పశువుల దొడ్డనుకున్నావా?" అతను కూనని మెడ పట్టి లేపాడు.

"వదిలెయ్యండి, రేపు ఇచ్చేసొస్తా."

అతను తోసిన తోపుకి ఆమె నుదురు మిషను అంచుకి కొట్టుకుంది. కంట్లోకి నెత్తురు కారింది. అతను తలుపు వెనక కర్ర అందుకున్నాడు.

ఆ నెత్తుట్లోంచే చూసింది. గలీబు లేచి నడుస్తోంది. బెదురన్నది లేకుండా, నీళ్లు తాగడానికి వెళ్తున్నంత నింపాదిగా అతని ముందుకెళ్లి, దూది కోసం చెయ్యి చాపింది.

"మిడతా! ఆగవే!"

కర్ర దిగింది. భుజంలో ఎముక పుటుక్కుమంది. కర్ర మళ్లీ లేచేలోగా ఆమె మిషను మీది గుడ్డ కత్తెర అతని తొడలో పిడిదాకా దించింది. అతను గావుకేక పెట్టి కూలబడ్డాడు. కూన చేజారి, తలుపు సందులోంచి ఉరికి, ఎటుపోయిందో పోయింది. ఆమె కూతుర్ని చంకనేసుకుని మెట్లు దూకింది. కింది మెట్టు మీద, కంట్లో నెత్తురు తుడుచుకోడానికి ఒక్క క్షణం పిల్లని దించింది. కింద వాటా గడపలో ఆ ఇంటి చిన్నపిల్ల గుడ్లప్పగించి చూస్తోంది.

పరుగున పరుపుల కొట్టుకి చేరారు. కొట్టు నడిపే పెద్దమ్మ మిడత భుజానికి గుడ్డ కట్టింది.

"అమ్మా, నాన్నకి నేను కనపడలేదు కదూ? ఊరికే గాల్లో కొడుతుంటే తగిలిందంతే."

ఆమె పిల్ల చెంపలు తుడిచింది. అప్పుడు గమనించింది, పిల్ల ఒంటిమీద గలీబు లేదు.

"ఏదే?"

"కింద వాటా చెల్లికిచ్చేశా. వాళ్ల నాన్న చెప్పులు కూడా విడివిడిగానే పడతాయట. కప్పుకుని నడవొచ్చని కూడా చెప్పా."

ఆ మేడ వైపు వెళ్లే దారి ఆమెకింక లేదు. మీలో ఎవరికైనా ఉంటే, కోతమిల్లు వెనక మేడ, కింద వాటా. తలుపు కొట్టండి. ఆ పాప ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి.