అవతల నుంచి ఊఁ

మా తమ్ముడు కొండలయ్య మాట్లాడటం మానేశాడంటే మా పాలెంలో మొదట ఒక్కరూ నమ్మలేదు. నాగాయలంక దాటి, కృష్ణ సముద్రంలో కలిసే చోట, ఏటిమొగలో మా పాలెం. వాడు రేవుదాకా వెళ్ళి వచ్చాడంటే చేపలు తెచ్చినా తేకపోయినా కబుర్లు మాత్రం తెచ్చేవాడు. అందులో సగం వాడు దారిలో కల్పించినవే. అవే ఎక్కువ బాగుండేవి.

వాడూ, మా ఆయన నాంచారయ్యా ఏళ్ళ తరబడి ఒకే పడవలో వేటకి వెళ్ళారు. చలికాలం పొద్దున్నే ఏటిమొగ దగ్గర మంచు కమ్మిందంటే పడవలో ఈ చివర ఉన్నవాడికి ఆ చివర ఉన్నవాడు కనపడడు. అందుకని మావాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఒకడు కథ చెబుతూ ఉంటాడు, రెండోవాడు ఊఁ కొడుతూ ఉంటాడు. కథ ఎవడిక్కావాలి, మనిషి ఉన్నాడని తెలియడానికే ఆ ఊఁ. మా పడవలో కథ ఎప్పుడూ కొండలయ్యది, ఊఁ మా ఆయనది.

మా ఆయనకి చిలిపి బుద్ధి ఎక్కువ. కథ మంచి పట్టులో ఉండగా కావాలనే ఊఁ మానేసేవాడు. తమ్ముడు హడలిపోయి "బావా, బావా" అని కేకలు పెట్టేవాడు. వాడి గొంతు బొంగురుపోయాక మంచులోంచి మా ఆయన నవ్వు వినపడేది. ఒడ్డుకొచ్చాక ఆ సంగతి నాకు చెప్పి ఇద్దరూ మళ్ళీ నవ్వేవాళ్ళు. నేను పులుసు వడ్డిస్తూ ఇద్దరినీ కలిపి తిట్టేదాన్ని. పులుసులో చింతపండు ఎక్కువైందని మా ఆయన వంక పెట్టేవాడు, పెట్టి మళ్ళీ వడ్డించుకునేవాడు. ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు ఆ పులుసు వాసనే గుర్తొస్తుంది.

రెండు చలికాలాల కిందట అలాంటి మంచులోనే మా ఆయన నీళ్ళపాలయ్యాడు. కొండలయ్య ఒక్కడే పడవ తీసుకుని వచ్చాడు. ఏం జరిగిందని వాణ్ణి ఎవరూ అడగలేదు. మాలో అడగకూడదు. నీళ్ళు ఒక మనిషిని ఉంచేసుకుంటే, తిరిగొచ్చిన మనిషిని ప్రశ్న వేయకూడదు. వేస్తే వాణ్ణి అనుమానించినట్టు. నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు. పాలెం పాలెమంతా వాడి ముందు మర్యాదగా నోరు మూసుకుంది. చివరికి వాడూ మూసుకున్నాడు.

ఆ ఊళ్ళో ఉండలేక నేను విజయవాడ వచ్చేశాను. భవానీపురంలో ఏటి గట్టుకి దగ్గరగా ఇల్లు అద్దెకి తీసుకుని, గంప నెత్తిన పెట్టుకుని వీధులెంట చేపలు అమ్ముకుంటున్నాను. ఏడాది తిరిగేసరికి తమ్ముడి పెళ్ళాం సుధామణి వాణ్ణి వెంటబెట్టుకుని నా దగ్గరికే వచ్చింది. వేట మానేశాడు, నిద్ర లేదు, తిండి సగం. పొద్దస్తమానం గుమ్మంలో కూచుని పాత వల ఒకటి ముందేసుకుని బాగుచేస్తూ ఉంటాడు. చిరుగు లేనిచోట కూడా విప్పి మళ్ళీ అల్లుతాడు. ఏమడిగినా "ఆఁ", "లేదు", అంతే.

ఒకరోజు తెల్లవారుతూనే సుధామణి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఏటి ఒడ్డుకి లాక్కెళ్ళింది. వాడు నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. స్నానానికి కాదు, ఒంటి మీద చొక్కా ఉంది. పిలిస్తే మామూలుగా వచ్చేశాడు. అలా మామూలుగా రావడమే నన్ను భయపెట్టింది. మా ఇంట్లోంచి నీళ్ళు ఒకణ్ణి తీసుకున్నాయి. రెండోవాణ్ణి ఇచ్చే ఉద్దేశం నాకు లేదు.

తాయెత్తు కట్టించాం. దిష్టి తీయించాం. బెంజ్ సర్కిల్ అవతల ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ పక్క కుర్చీలో ఆవిడ నా దగ్గర చేపల వాసన వస్తోందని ముక్కు మూసుకుని ఇంకో కుర్చీలోకి జరిగింది. నేనూ ఒక కుర్చీ ఆవిడ వైపు జరిగాను. డాక్టరు గారు "ఏంటయ్యా ఇబ్బంది" అని అడిగితే మావాడు "ఏం లేదండి" అన్నాడు. "దిగులుగా ఉంటోందా" అంటే "లేదండి" అన్నాడు. లేదన్నవాడికి ఉందని ఆయన మాత్రం ఎలా రాస్తాడు? నేను చెప్పిందాన్ని బట్టి నిద్రకి మాత్రలు రాసి, మళ్ళీ రమ్మన్నాడు. మాత్రలకి నిద్ర వచ్చింది, మాట రాలేదు.

మా వీధి చివర శివపార్వతి గారని రిటైరైన టీచరు ఉన్నారు. చేప ముక్కల దగ్గర గీచి గీచి బేరమాడతారు. ఒకరోజు ఆవిడ అడిగిన ధరకే నేను సరేననేసరికి తక్కెడ పక్కకి నెట్టి అడిగారు.

"ఏమైంది అంకాలమ్మా, ఒంట్లో బాగోలేదా?"

గుమ్మం మీద కూచుని అంతా చెప్పేశాను. ఆవిడ నా ఫోను తీసుకుని ఒక నంబరు ఎక్కించారు.

"మనసు బాగోలేనివాళ్ళు చేసుకునే నంబరిది. డబ్బులడగరు, ఎవరికీ చెప్పరు. తెలుగులోనే మాట్లాడతారు."

"పిచ్చోళ్ళ నంబరా అండీ?"

"మా ఆయన పోయినప్పుడు నేనూ చేశాను. నేను పిచ్చిదాన్నా?"

"బేరం దగ్గర కొంచెం అండి" అన్నాను. ఆవిడ నవ్వి, ఆ ముక్కలకి అసలు ధరే ఇచ్చారు.

ఇంటికెళ్ళి నంబరు కలిపి వాడి చేతికిచ్చాను. అవతల రూతు అని ఒక అమ్మాయి. వాడు చాలాసేపు దగ్గి, "నా పేరు కొండలయ్యండి. మాది ఏటిమొగ" అని ఆగాడు. అవతల చప్పుడు లేదు. "వేటకెళ్ళేవాళ్ళమండి" అన్నాడు. మళ్ళీ చప్పుడు లేదు. ఫోను కిందపెట్టేశాడు.

"అవతల ఎవరూ లేరక్కా" అన్నాడు.

ఒక్కడే పడవ తెచ్చిన రోజున ఎలా ఉందో మొహం అలా అయిపోయింది. ఇంతలో ఫోను మోగింది, ఆ అమ్మాయే. నాకు ఒళ్ళు మండి నేనే ఎత్తాను.

"ఏమ్మా, నోరు మూసుకుని కూచోడానికా మీకు జీతాలు?"

ఆ పిల్లకి కోపం రాలేదు. "విన్నానండి, ప్రతి మాటా విన్నాను. మధ్యలో అడ్డుపడకూడదని ఊరుకున్నాను. ఒక్కసారి ఆయనకిస్తారా?" అంది.

ఈసారి మాట పైకి వినపడేలా స్పీకరు పెట్టి, ఫోను వాడి ముందు పెట్టాను.

"కొండలయ్య గారూ, నేను వింటున్నానని మీకెలా తెలియాలి?" అని అడిగింది.

అలాంటి ప్రశ్న వాణ్ణి ఎవరూ అడిగి ఉండరు. వాడు వల మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించాడు. "ఊఁ అనాలండి" అన్నాడు.

"సరే, చెప్పండి."

"మాది ఏటిమొగండి."

"ఊఁ."

అప్పటినుంచి మంగళవారం మధ్యాహ్నం రూతు ఫోను చేసేది. వాడు ఫోను కిటికీలో పెట్టి, గుమ్మంలో వల అల్లుతూ మాట్లాడేవాడు. మొదట పోటూ పాటూ, ఏ గాలికి ఏ చేప పడుతుందీ, ఇవే. తర్వాత చిన్నప్పటి సంగతుల్లోకి దిగాడు. మా నాన్న గోచీలో పీత దూరిన రోజు, అమ్మ ఉప్పుచేపలు ఎండబెట్టి కాకుల మీద పెట్టిన శాపనార్థాలు. నేను మరిచిపోయినవన్నీ వాడి దగ్గర భద్రంగా ఉన్నాయి. నేను వంటింట్లో కత్తిపీట ముందు కూచుని, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుకునేదాన్ని. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. మంగళవారం ఎప్పుడొస్తుందా అని నేనూ ఎదురుచూసేదాన్ని. మాత్రలు మానొద్దనీ, డాక్టరు గారి దగ్గరికి వెళ్తూ ఉండమనీ రూతు ప్రతిసారీ చెప్పేది, వాడు వినేవాడు. కానీ వాళ్ళ బావ పేరు మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆ పేరు దగ్గరికి వచ్చినప్పుడల్లా చుక్కాని తిప్పేసేవాడు.

ఒక మంగళవారం సుధామణి వల దారం కోసం వన్ టౌన్ వెళ్ళింది. నేను చేపలు తోముతున్నాను.

"ఆ రోజు మంచు బాగా ఉందండి" అన్నాడు కొండలయ్య.

నా చేతులు ఆగిపోయాయి.

"ఊఁ" అంది రూతు.

"బావ ముందున్నాడు, నేను వెనకున్నాను. కథ చెబుతున్నానండి."

ఊఁ రాలేదు. తల తిప్పి చూస్తే కిటికీలో ఫోను నల్లగా ఉంది. ఛార్జింగు అయిపోయింది. వాడు అటు చూడలేదు.

"ఉన్నారా అమ్మా?" అన్నాడు. కాసేపాగి, ఇంకా మెల్లగా, "ఉన్నారా?" అన్నాడు. దారం పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఇప్పుడు మూతపడిందంటే ఆ నోరు ఇంక తెరుచుకోదని నాకు తెలుసు. నేను ఊఁ అంటే మాత్రం అంతా వినాలి, మా ఆయన ఎలా పోయాడో అంతా. వినగలనో లేదో నాకు తెలియదు. అడగకూడదన్నారు గానీ, ఊఁ అనకూడదని మాలో ఎవరూ అనలేదు.

"ఊఁ" అన్నాను.

వాడు వెనక్కి తిరగలేదు. ఎవరి ఊఁ అన్నది వాడికి తెలియకుండా ఉంటుందా?

"బావ ఊఁ ఆగిపోయిందక్కా. నీళ్ళలో చప్పుడైంది. వల వదిలాడనుకున్నా. ఎప్పట్లాగే నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నా. ఈసారి కేకలేసి నవ్వులపాలు కాకూడదనుకున్నా. పిలవలేదక్కా. కథంతా చెప్పా. నవ్వుకుంటా చెప్పా. అయిపోయాక పిలిచా."

నాకు వాడి మీద కోపం వచ్చింది. ఆ వెంటనే చచ్చిపోయిన మా ఆయన మీద అంతకు రెట్టింపు వచ్చింది. ఎన్నిసార్లు చెప్పాను, ఆ వేళాకోళం నీళ్ళ మీద వద్దని. పొలుసు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాను. వాడు కూడా అక్కడ గుమ్మంలో ఏడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఒక ఇంట్లోనే ఉండి, కలిసి ఏడవడం అదే మొదలు.

తర్వాత సుధామణి వచ్చి ఫోను ఛార్జింగు పెట్టడం, రూతు కంగారుపడి చేయడం, వచ్చేవారం నన్నూ పక్కన కూచోమనడం, అవన్నీ జరిగాయి. దానికి ముందు నేను చేతులు కడుక్కుని వెళ్ళి వాడి పక్కన కూచున్నాను. మాలో ఎవరూ అడగకూడనిది అడిగాను.

"ఏం కథరా అది?"

"నీ పెళ్ళి కథే" అన్నాడు.

అది వాడి కథల్లోకెల్లా పెద్దది. పాటు తీసి నీళ్ళు తగ్గిపోతే పెళ్ళికొడుకు పడవ బురదలో దిగబడిపోవడం, ముహూర్తం దాటిపోతోందని మా ఆయన మధుపర్కాలు నెత్తిన పెట్టుకుని బురదలోకి దిగి నడిచి రావడం.

"ఎక్కడ ఆగింది ఊఁ?"

"బావ పడవలోంచి బురదలోకి దిగాడు. అక్కడ."

"అక్కణ్ణించి చెప్పు."

వాడు మొహం తుడుచుకుని, వల ఒళ్ళోకి లాక్కున్నాడు. కథ అందుకున్నాడు. పెళ్ళికొడుకు నడుందాకా బురదతో పందిట్లోకి వచ్చాడు. మా అమ్మ గేదెల కాపరి అనుకుని మజ్జిగ పోసి, పెళ్ళయ్యాక వస్తే భోజనం పెడతాను పొమ్మంది. అక్కడ వాడికి నవ్వు వచ్చింది, నాకూ వచ్చింది. కథ చివరిదాకా నేను ఒక్క ఊఁ కూడా మానలేదు.