నా కింద పోసిన బొగ్గులు

నేను ఒక నాపరాతి బద్దను. మనిషి నడుం ఎత్తుంటాను. అందులో సగం ఎప్పుడూ మట్టిలోనే. గనిలో నుంచి నాతోపాటు బండెక్కిన తోబుట్టువుల్లో కొందరు ఇళ్ళకు కప్పులయ్యారు, కొందరు అరుగులయ్యారు. ఒకడు బట్టలుతికే బండై, రోజూ దెబ్బలు తింటూ కూడా సబ్బు వాసనతో సంతోషంగా బతికాడని విన్నాను. వాళ్ళందరినీ మనుషులు పడుకోబెట్టారు. నన్నొక్కదాన్నే నిలబెట్టారు. రెండు చేల మధ్య నిలబడిన రాయికి సుఖం ఉండదని అప్పుడు నాకు తెలియదు.

నన్ను నిలబెట్టినవాడు ఈరన్న. అతనికి ఇద్దరు కొడుకులు, ఒక ఎర్రచేను. పెద్దవాడు బజారి, చిన్నవాడు మద్దిలేటి. కాగితాల్లో చేను మొత్తం ఒకే నంబరు. పంపకం మాత్రం నోటి మాటే. ఆ నోటి మాటకు నేనే రుజువు. మా ప్రాంతంలో హద్దు రాయిని ఉత్త మట్టిలో పాతరు. రాయిని ఎవరైనా పీకినా, గాలివానకు ఒరిగినా జాగా తెలియాలని గుంత అడుగున బొగ్గులు పోస్తారు. బొగ్గు చీకదు, చెదలు తినవు. ఈరన్న తుమ్మకట్టె బొగ్గులు గంపెడు పోసి, నన్ను నిలబెట్టి, ఇద్దరు కొడుకుల చేతులూ నా తల మీద పెట్టించాడు.

"రాయిని కదిలించినోడు దొంగ. అడుగునుండే బొగ్గుల్ని కదిలించినోని ఇంట్లో పొయ్యి ఆరిపోతాది" అన్నాడు.

చిన్నవాడు గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది గుర్తుపెట్టుకున్నాను.

తర్వాత బజారి, అతని భార్య సుంకులమ్మ నా పక్కనే తమ వైపు బావి తవ్వారు. అతను లోపల గడ్డపారతో పొడిస్తే, ఆమె పైన నిలబడి మట్టి లాగేది. ఆమె అరచేతుల్లో తాడు కోసుకుపోయిన గీతలు నా తల మీద చెయ్యి ఆనించినప్పుడల్లా గరుగ్గా తగిలేవి. నీళ్ళు పడ్డ రోజున బజారి నా పక్కన గెనేనికి, అంటే రెండు చేల మధ్య గట్టుకు, చిన్న గండి కొట్టి తమ్ముడి చేనుకు కాలువ తీశాడు. "మనం తాగినంక మిగిలేది వానికే గదా" అన్నాడు. సుంకులమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చూస్తుంది. చూసింది మరిచిపోదు.

ప్రతి ఏరువాకకు ఆమె నాకు తమ వైపు పసుపు పూసేది. మద్దిలేటి అవతలి వైపు పూసేవాడు. మొహానికి రెండు వైపులా పసుపు ఉన్న ఆ కాలంలో నేను అందగత్తెనే.

బజారి జ్వరంతో పోయాడు. ఏడాది తిరగకముందే, ఊరంతా తిరనాలకు పోయిన రోజు మిట్టమధ్యాహ్నం మద్దిలేటి గడ్డపారతో వచ్చాడు. ముందు నాకు టెంకాయ కొట్టాడు. దొంగతనానికి వచ్చి దండం పెట్టడం మనుషులకే చేతనవుతుంది. తర్వాత నన్ను పెకిలించి, బావికి అవతల కొత్త గుంతలో నిలబెట్టాడు. బావి అతని వైపు వచ్చేసింది. పాత గుంతలో బొగ్గులు కనబడ్డాయి. వాటివైపు చెయ్యి చాపి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. తండ్రి మాట గుర్తొచ్చింది. మట్టి కప్పేసి ఇంటికి పోయి, తన పొయ్యిలోని బొగ్గులు గంపెడు ఎత్తుకొచ్చి నా కింద పోశాడు. పాత గెనేన్ని దున్ని చదును చేశాడు.

పాము పగ గురించి మీరు విని ఉంటారు. రాతి పగ గురించి విని ఉండరు. దానికి విషం ఉండదు, తొందర అసలే ఉండదు.

తిరనాల నుంచి వచ్చిన సుంకులమ్మ చేలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఏమప్పా మద్దిలేటీ, రాయికి కాళ్ళొచ్చినాయా?"

"రాయి ఉన్నచోటే ఉంది వదినా. అన్న పోయినకాడి నుంచి నీకే కండ్లు ఆనడం ల్యా."

"కండ్లు ఆనకున్నా చేతులు ఆనతాయిలే" అని ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. ఇంకెవరికీ వినబడకుండా నాతో అంది. "వాని చేత్తోనే నిన్ను మళ్ళీ పాతిస్తా. అంతదాకా నీకు పసుపు పెట్టను."

కోర్టు కేసు మొదలైంది. నేను కోర్టు చూడలేదు. వాయిదా నుంచి తిరిగొచ్చి నా పక్కన కూర్చుని ఆమె తనలో తాను అనుకునే మాటలే నాకు తెలుసు. అవతలి వకీలు ఆమెను "రాయి తనంతట తాను నడవదు కదమ్మా" అని అడిగాడట. "నడవదు సామీ. నడిపించినోడు మీ వెనకాలే కూర్చున్నాడు" అందట. జడ్జి కూడా నవ్వు ఆపుకున్నాడట. నవ్వితే బావి వస్తుందా? సాక్షులుగా ఎవరెవరినో పిలిచారు. చేను ఏ దిక్కున ఉందో తెలియనివాళ్ళు కూడా బోనెక్కి ప్రమాణం చేసి వచ్చారు. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు.

ఆ ఏళ్ళన్నీ ఆమె చేను ఎండింది. ఆమె మొగుడు తవ్విన బావి నీళ్ళు ఆమె కళ్ళ ముందే మద్దిలేటి చేనులో పారాయి. ఏరువాకకు అతను తన వైపు మాత్రం నాకు పసుపు పూసేవాడు. ఆ పసుపు నాకు పుండు మీద కారంలా మండేది.

బొగ్గుల సంగతి సుంకులమ్మకు తెలుసు. కానీ పాత జాగాలో అవి ఇంకా ఉన్నాయో, మరిది తోడేశాడో తెలియదు. తవ్వించి అక్కడేమీ లేకపోతే బావి శాశ్వతంగా పోతుంది. అందుకే నోరు మెదపలేదు. మొదట వాడే మాట్లాడాలని కాచుకుంది. ఉన్నాయమ్మా, ఉన్నాయి అని నేను అరిచాను. రాతి అరుపు ఎవరికి వినబడుతుంది?

చివరికి కోర్టువారు పొలం చూసి రిపోర్టు రాయమని ఒక వకీలును కమీషనరుగా పంపారు. ఊరు ఊరంతా గట్టున చేరింది. మద్దిలేటి తెల్లపంచెలో వచ్చాడు. తెలివి ఎక్కువైన మనిషికి ఊరుకోవడం చేతకాదు.

"సారూ, మా నాయన రాతి కింద బొగ్గులు పోసినాడు. కావాలంటే తవ్వి చూడండి. ఉంటే హద్దు ఇదే. లేకుంటే బావి ఆమెకే రాసిస్తా" అన్నాడు.

తవ్వారు. బొగ్గులు బయటపడ్డాయి. జనంలో గొణుగుడు. మద్దిలేటి మీసం మీద చెయ్యి వేశాడు. సుంకులమ్మ గుంత పక్కన గొంతుక్కూర్చుంది. బొగ్గుల్ని బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్కటే ఏరసాగింది. ఆమె వేళ్ళు ఒక్కచోట ఆగాయి. కమిలి నల్లగా ఉన్నా, ఒంటి నిండా గింజల గుంటలు వరసగా కనబడుతున్న కండె ఒకటి పైకెత్తింది.

"ఏమప్పా మరిదీ, మీ నాయన ఏం తిని పెరిగినాడు?"

"జొన్నసంగటి. ఇంకేం తింటాడు?"

"మరి ఈ మొక్కజొన్న కండె ఎవురు తిని పొయిలో ఏసినారు?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గట్టంతా నవ్వింది. ఆ ఊళ్ళో బోర్లు పడ్డాకే మొక్కజొన్న మొలిచింది. అప్పటికి ఈరన్న పోయి చాలా కాలమైంది. కమీషనరు అది ఊరి పెద్దలను అడిగి రాసుకున్నాడు. మద్దిలేటి ముఖం తన బొగ్గుల రంగుకు తిరిగింది.

"మా మామ పోసినవి యాడుండాయో సూపిస్తా, రాండి" అంటూ సుంకులమ్మ లేచింది. బావి గడ్డ పక్కన, దున్ని చదును చేసిన జాగాలో మడమతో గుర్తు పెట్టింది. గడ్డపార దిగుతున్నంతసేపూ ఆమె చెయ్యి చీర కొంగును నలుపుతూనే ఉంది. తుమ్మబొగ్గులు బయటికొచ్చాయి, పెద్దవి, గట్టివి, తట్టితే గణగణమనేవి. తండ్రి శాపానికి భయపడి ముట్టుకోకుండా వదిలినవే అతన్ని పట్టిచ్చాయి.

తీర్పు ఆమె పక్షాన వచ్చింది. రాయిని పాత జాగాలో నాటించడానికి కోర్టు అమీను కూలీలను వెంటబెట్టుకొచ్చాడు. సుంకులమ్మ కూలీలను పక్కకు జరగమంది.

"పీకినోడే పాతాల. ల్యాకుంటే ఈ రాయి ఈడనే ఉండనీ, నేను మళ్ళా కోర్టుకు పోతా."

"ముసిలోన్నైనాను వదినా, నడుం పట్టింది" అన్నాడు మద్దిలేటి.

"పీకిన పొద్దు పట్టలేదే!"

అమీను తల తిప్పుకుని బావిలోకి చూడసాగాడు. మద్దిలేటి నన్ను ఎత్తుకున్నాడు. రాయికి ఉన్న ఆస్తి బరువొక్కటే. ఆ రోజు నా బరువంతా అతని భుజానికే ఇచ్చాను, ఒక్క వీసం కూడా దాచుకోలేదు. అడుగడుగుకూ మూలిగాడు. గుంత దగ్గర అతని మోకాళ్ళు మట్టిలో దిగబడ్డాయి. నన్ను నిలబెట్టి, తండ్రి బొగ్గుల మీద తన చేతులతోనే మట్టి కప్పాడు. ఆమె తన వైపు నాకు పసుపు పూసింది. అవతలి వైపుకు చూడనే లేదు.

తర్వాత ఆమె చేసిన మొదటి పని, పాత గెనేన్ని మళ్ళీ ఎత్తి, బజారి గండి కొట్టిన చోటును రాళ్ళూ బంకమట్టీ పెట్టి మూసెయ్యడం. కాలితో తొక్కి తొక్కి గట్టిపరిచింది.

ఎండాకాలానికి మద్దిలేటి చేనులో వేరుశెనగ చెట్లు తలలు వాల్చాయి. అతని భార్య బిందె పట్టుకుని బావి దగ్గరికొచ్చి నిలబడింది.

"అక్కా, ఒక తడి ఇయ్యి. పంట పోతే బతకలేం."

సుంకులమ్మ ఆమె బిందె తీసుకుని తానే నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది.

"తాగేదానికి ఎన్ని బిందెలైనా ముంచుకోపో, చెల్లీ. చేనుకు మాత్రం చుక్క ఇయ్య. ఆయన కొట్టిన గండి పూడ్చింది నేను గాదు. మీ మొగుడే, రాయి పీకిన పొద్దే పూడ్చినాడు."

ఆ మనిషి బిందె చంకన పెట్టుకుని ఎండిన చేను మీదుగా నడిచిపోయింది. నేను కోరుకున్న పగ తీరింది. ఇంకా ఏదో మిగిలినట్టుంది గానీ, అదేమిటో రాతికి అర్థం కాదు.

ఇప్పుడు నాకు ఒక వైపు నాచు పట్టింది. ఇంకో వైపు దుమ్ము. నీళ్ళు గలగలమంటూ నా పాదం దాకా వస్తాయి. నన్ను తాకి వెనక్కి మళ్ళుతాయి.