అద్దాల తలుపులు ఊడాక

నేను ఒక స్టాండును. అంత మాత్రం చెప్పి ఊరుకుంటే మీరు సైకిల్ స్టాండో గొడుగుల స్టాండో అనుకుంటారు కాబట్టి వివరంగా చెబుతాను. పాటల సామాను పెట్టుకునే స్టాండును. రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, క్యాసెట్ డెక్కు, అన్నీ నా అరల్లోనే కాపురం ఉంటాయి. పాడి పేరు తెచ్చుకునేది అవి, మోసేది నేను. కచేరీలో పాడినవాడికి చప్పట్లు కొడతారు గానీ వేదికకు ఎవరైనా కొట్టారా? ఆ ఉక్రోషం మొదట్లో నాకు బాగానే ఉండేది.

నేను పుట్టింది రాజమండ్రి ఇన్నీసుపేటలో, భద్రాచారి అనే వడ్రంగి షెడ్డులో. నన్ను చేయించినవాడు బుల్లబ్బాయి గారనే కాంట్రాక్టరు. కొత్త ఇల్లు కట్టుకుంటూ, ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి ఒక కాగితం చింపుకొచ్చి భద్రాచారి చేతిలో పెట్టాడు.

"అచ్చం ఇలాగే ఉండాలి భద్రం. వచ్చినోడు గుమ్మంలోనే నోరెళ్లబెట్టేయాలి."

"దానికేం భాగ్యం బాబూ, బొమ్మ ఉంటే బ్రహ్మాండంగా దింపేస్తాను" అన్నాడు భద్రాచారి.

లోపల ఏం పెడతారు, ఎంత ఎత్తున్న మనిషి వాడతాడు, వైర్లు ఎటు పోవాలి అని ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు. పైగా ఆ బొమ్మలో స్టాండు ముందు వైపే ఉంది. వెనక వైపు ఎలా ఉంటుందో ఫోటో తీసినవాడు చూపించలేదు మరి. భద్రాచారి పాపం నిజాయితీపరుడు, కనబడని చోట కక్కుర్తి పడకూడదనుకుని నా వీపు మొత్తం మంచి టేకు చెక్కతో చీమ దూరకుండా బిగించేశాడు. ముందు రెండు అద్దాల తలుపులు, ఇత్తడి పిడులు, ఒక తాళం. మూడు సార్లు పాలిష్. నిజం చెప్పొద్దూ, ఎదురుగా ఉన్న నిలువుటద్దంలో నన్ను నేను చూసుకుని మురిసిపోయాను.

గృహప్రవేశం నాడు సామానంతా నాలో సర్ది పాటలు పెట్టారు. వీపున కన్నం లేదు కాబట్టి వైర్లన్నీ తలుపు సందులోంచి పేగుల్లా వేలాడాయి. గంట గడిచేసరికి లోపల ఆంప్లిఫయరు ఉడికిపోయి మూగబోయింది. బుల్లబ్బాయి గారు ఏమాత్రం బాధపడలేదు. ఆయనకు పాటలతో పనేముంది? దాన్ని బాగు చేయించి మళ్లీ నాలో పెట్టి తాళం వేశాడు. తరవాత నాలుగేళ్లు నన్ను తుడిచారు, చుట్టాలకు చూపించారు, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఒక్క పాట మోగలేదు. అదే గొప్ప బతుకనుకున్నాను నేను కూడా. అంతలో గోడంత టీవీ వచ్చింది, నన్ను సామానుతో సహా పాత ఫర్నిచర్ కొట్టుకు పంపేశారు.

అక్కడ ఒక కుంటి మంచానికీ తుప్పు బీరువాకూ మధ్య ఆరు నెలలు దుమ్ము తిన్నాక, సునంద వచ్చింది. బడిలో లెక్కలు చెప్పే టీచరు. తండ్రి కోసం స్టాండు వెతుకుతోంది. చీర చెంగుతో నా అద్దం తుడిచి, తన మొహం చూసుకుని, జుట్టు సవరించుకుని, "ఇది బాగుంది, లోపలున్న సామాను వద్దు, ఇది చాలు" అంది. లెక్కల టీచరు కదా, టేపు పెట్టి కొలుస్తుందేమోనని చూశాను. ఎక్కడా కొలవలేదు. నా రంగు చూసింది, మెరుపు చూసింది, తలుపు రెండుసార్లు తీసి వేసింది, అంతే.

తీరా ఇంటికి వెళితే, ఆ తండ్రికి కళ్లు లేవు.

ఆయన పేరు కోటిలింగం గారు. ఐదో ఏట అమ్మవారు పోసి చూపు పోయిందట. ముప్పై ఏళ్లు రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేసి రిటైరయ్యాడు. "హలో" అంటే చాలు, ఏ ఆఫీసరో, పొద్దున్నే భార్యతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేవాడట. ఆయనకు ఉన్న ఒకే వ్యసనం పాటలు. నేను వచ్చేదాకా ప్లేయరు ఒక పీట మీద, ఆంప్లిఫయరు ఇంకో పీట మీద, రికార్డులు గోడవార పేర్చి, మధ్యలో చాప వేసుకుని కూర్చునేవాడు. చెయ్యి చాపితే అన్నీ అందేవి. పొద్దున కూతురు బడికి వెళ్లింది మొదలు సాయంత్రం దాకా తన పాట తనే వేసుకునేవాడు. ఒకసారి వైరు కాలికి తగులుకుని తూలాడు. అది చూసి సునందకు గుండె గుభేలుమంది. అందుకని నన్ను తెచ్చింది.

నాలో అన్నీ ముద్దుగా సర్దేసింది. ప్లేయరు ఆయన గడ్డం ఎత్తున ఉన్న పై అరలోకి పోయింది. కోటిలింగం గారు వచ్చి నన్ను తడిమాడు. తలుపులు, పిడులు, అంచులు అన్నీ తడిమి, "బాగుందమ్మా, నున్నగా ఉంది" అన్నాడు. కూతురు నొచ్చుకుంటుందని అన్న మాట అది. నాకు తెలిసిపోయింది.

మూడో రోజు ఒక తలుపు తీసి, రెండోది తీసి ఉన్న సంగతి మరిచిపోయి, రికార్డు పట్టుకుని ఇటు తిరిగాడు. దాని అంచు సూటిగా నుదుటికి తగిలింది. రక్తం కారింది. కంగారులో చెయ్యి ప్లేయరుకు తగిలి సూది విరిగింది. సాయంత్రం సునంద వచ్చి, ఆయన నుదుటికి చుట్టుకున్న కట్టు చూసి ఏడ్చింది. ఏడ్చి, కొత్త సూది వేయించి, నాకు తాళం వేసి, తాళంచెవి తన సంచిలో పెట్టుకుంది.

"ఏ పాట కావాలంటే అది నేను వేస్తాగా నాన్నా. నువ్వు ముట్టుకోకు."

ప్రేమతోనే అంది. అన్న మాట నిలబెట్టుకుంది కూడా, బడి నుంచి రాగానే టీ నీళ్లయినా పెట్టకుండా పాటలు వేసేది. కానీ పగలంతా ఆయన నా ఎదురుగా కుర్చీలో ఊరికే కూర్చునేవాడు. ఒక్కోసారి లేచి వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయేవాడు. ఏడు నెలలు అలా గడిచాయి. అప్పటికి నా అందం నాకే వెగటు పుట్టింది. ఒక మనిషి చేతిలోంచి ఆయన పాట లాగేసుకున్నది సునంద కాదు, నేను. నా తలుపులు, నా ఎత్తు, నా తాళం. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

అదృష్టం కొద్దీ నా ఎడమ తలుపు బందు వదులైంది. కొట్టువాడిని అడిగితే, ఒక ఆదివారం పొద్దున్నే సాక్షాత్తూ భద్రాచారిని పంపించాడు. నన్ను చూడగానే గుర్తు పట్టేశాడు.

"అరె, మన పిల్లేనండి! కాంట్రాక్టరు గారికి చేశాను" అన్నాడు సంబరంగా. తరవాత కోటిలింగం గారితో, "ఏదో ఒక పాట వేసుకోండి బాబు గారూ, వింటా పని చేసేస్తాను" అన్నాడు.

"తాళం అమ్మాయి దగ్గరుందయ్యా" అన్నాడు ఆయన.

భద్రాచారి సుత్తి కింద పెట్టాడు. "మీ పెట్టికి తాళం మీ దగ్గర ఉండదేంటండీ?"

సునంద వంటింట్లోంచి తాళంచెవి తెచ్చిచ్చి మళ్లీ లోపలికి వెళ్లింది. భద్రాచారి ఎడమ తలుపు ఊడదీసి గోడకు ఆనించాడు. అంతే, అది లేదని చప్పుడును బట్టే తెలుసుకుని, కోటిలింగం గారి చెయ్యి ఆ ఖాళీలోంచి ప్లేయరు మీదికి వచ్చేసింది. వేళ్లు సూది ఉండే ఆ ప్లేయరు చెయ్యి మీద ఆగాయి. అప్పుడు ఆయన మొహం చూడాలి మీరు. తప్పిపోయిన పిల్లాడు సంతలో దొరికినట్టుంది.

భద్రాచారి అది చూశాడు. కాసేపు బుర్ర గోక్కుని, ఏమనుకున్నాడో, తన కళ్లు గట్టిగా మూసుకుని నా ముందు నిలబడ్డాడు. చెయ్యి చాపి ఒక అడుగు ముందుకేశాడు. తెరిచి ఉన్న కుడి తలుపుకు ముక్కు ఠప్పున కొట్టుకుంది.

"అమ్మోయ్! ఈ అద్దాల తలుపులు పెట్టిన దరిద్రుడెవడండీ బాబూ!"

"ఇందాకే కదయ్యా మన పిల్ల అన్నావు" అన్నాడు కోటిలింగం గారు.

ఇద్దరూ పడి పడి నవ్వారు. ఆ నవ్వులకు సునంద గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. భద్రాచారి ముక్కు రుద్దుకుంటూ, "అమ్మాయి గారూ, బందు బాగు చెయ్యడం కాదండి, దీన్ని మొత్తం మళ్లీ చెయ్యాలి. తలుపులు తీసేస్తాను, కాళ్లు కోసేస్తాను" అన్నాడు.

"తలుపులు తీసేస్తే దుమ్ము పడుతుంది. నాన్నకు మళ్లీ దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత?" అంది సునంద.

అప్పుడు మాట్లాడాడు కోటిలింగం గారు. ఏడు నెలలుగా దాచుకున్నది ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"ఎక్స్ఛేంజి బోర్డు మీద రెండొందల కన్నాలు, అందులో ఏది ఎవరిదో ముప్పై ఏళ్లు వేలితో వెతికాను సునందా. ఒక్క లైను తప్పు కలిపానా? ఒకరు వేసిపెట్టిన పాట ఒకరు తినిపించిన ముద్దలా ఉందే. కడుపు నిండుతుంది, కాదనను. కానీ చేతులుండీ ఎన్నాళ్లు తినిపించుకోను? దెబ్బ తగిలితే నాకే కదా తగిలేది. నా దెబ్బ నన్ను తిననీ."

సునంద భద్రాచారితో, "ఆ తాళం కూడా ఊడదీసి పారేయండి" అని, కళ్లు ఒత్తుకుంటూ లోపలికి వెళ్లింది. కూర మాడిన వాసన అప్పటికే హాలంతా నిండింది.

నాలుగు రోజులు వరండాలో నన్ను కోశారు. మొదట ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మోచేయి నేలకు ఎంత ఎత్తున ఉందో కొలిచారు. నన్ను కొనేటప్పుడు కొలవాల్సింది అదన్నమాట. ఆ కొలతకు నా కాళ్లూ పై అరా తెగాయి. వీపు చెక్క ఊడింది, మొదటిసారి నా ఒంట్లోకి గాలి వచ్చింది. వైర్లు వెనక నుంచి బుద్ధిగా గోడవార పోయాయి. ప్లేయరు నా నెత్తి మీదికి వచ్చింది. రికార్డులకు కింద తొమ్మిది నిలువు అరలు, ప్రతి అర అంచునా ఇత్తడి మేకులు. మొదటి అరకు ఒకటి, రెండో అరకు రెండు, అలా వేలికి తెలిసేలా దిగ్గొట్టాడు భద్రాచారి. ప్రతి పనీ ముందు తను కళ్లు మూసుకుని చేసి చూసుకునేవాడు. మేకులు కొట్టేటప్పుడు మాత్రం తెరిచేవాడు.

చివరి పని చాలా చిన్నది. ప్లేయరు పక్కన, ముంజేయి ఆనించుకోవడానికి ఒక చెక్క ముక్క. చెయ్యి దాని మీద ఆనిస్తే, వేళ్ల మధ్య ఉన్న సూది సరిగ్గా రికార్డు అంచు మీదికి రావాలి. ఆ రోజు పరీక్ష. "అమ్మాయి గారూ, మీరు చేతులు వెనక్కి కట్టుకోండి" అన్నాడు భద్రాచారి. ఆమె నిజంగానే కట్టుకుంది. కోటిలింగం గారు సూది దించాడు. పాట సగం చరణంలోంచి మొదలైంది. సునంద ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. భద్రాచారి గబగబా చెక్క ముక్క ఊడదీసి రెండు వేళ్ల మందం వెనక్కి జరిపి బిగించాడు. రెండోసారి సూది దిగింది. ముందు చిన్న గరగర, తరవాత వీణ, ఆ తరవాత పాట, మొదటి మాట నుంచి. నా నెత్తి మీద మోగిన ఆ పాట నా కోసిన కాళ్ల దాకా పాకింది. నాకు చప్పట్లు అక్కర్లేదని ఆ క్షణం అనిపించింది.

మర్నాడు సాయంత్రం సునంద బడి నుంచి వచ్చేసరికి పాట వీధిలోకే వినిపిస్తోంది. గేటు దగ్గర పాట అయ్యేదాకా నిలబడి లోపలికి వచ్చింది.

"వచ్చావా? కూర్చో. టీ తరవాత" అన్నాడు కోటిలింగం గారు, తన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ లాగుతూ. "నీకే పాట కావాలి?"

"ఏదో ఒకటి వెయ్యి నాన్నా."

"ఏదో ఒకటి కాదు. ఏడు నెలలు నేనడిగిందల్లా వేశావు. ఇవాళ నువ్వడుగు."

ఆమె ఆలోచించింది. ఆ ఇంట్లో ఆమె పుట్టింది మొదలు మోగినవన్నీ తండ్రి పాటలే. ఆయనకు ఏ పాట ఏ వేళకు ఇష్టమో నిద్రలో లేపినా చెప్పగలదు. తనకు ఏది ఇష్టమో ఒక్కటీ నోటికి రాలేదు. నవ్వబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకేం పాట ఇష్టమో నాకే తెలీదు నాన్నా."

"అయితే మొదటి అర నుంచి మొదలుపెడదాం" అన్నాడు ఆయన, వేలితో ఒంటి మేకు వెతుక్కుంటూ. "నచ్చింది వచ్చినప్పుడు చెప్పు."

అరకొక రికార్డు చొప్పున ఆయనే తీశాడు, ఆయనే వేశాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పూట వంట బాగా ఆలస్యమైంది. ఆరో అరకు వచ్చాక ఆమె ఉలిక్కిపడి, "ఇది నాన్నా. ఇదే" అంది. పాట అయ్యేదాకా ఆగి, ఆయన ముంజేయి నా మీద ఆనించి, సూదిని మళ్లీ మొదటికి తెచ్చాడు.