నిద్రకు కిలో పిండి

సెంటినరీ కాలనీలో సదయ్య నిద్ర ఖరీదు రోజుకు కిలో జొన్నపిండి అని పెద్దమనుషులు తేల్చిన రోజున ఆయన సంబరం అంతా ఇంతా కాదు.

నైట్ షిఫ్టు పడిందంటే పొద్దున ఏడింటికి గని పైకొచ్చి, ఎనిమిదిన్నరకల్లా మంచమెక్కాలి. సరిగ్గా అప్పుడే గోడ అవతల సారవ్వ పిండి గిర్ని మొదలయ్యేది. సదయ్య కిటికీలోంచి గట్టిగా దగ్గేవాడు. ఆవిడ నాలుక కరుచుకుని మధ్యాహ్నం దాకా ఆపేది. ఎప్పుడన్నా మరచిపోయేది. అలా మరచిపోయిన రోజు రాత్రే గనిలో కునుకుతూ సదయ్య పై అధికారి కంటపడ్డాడు. ఇంకోసారి నిద్రపోతే గనిలోంచి బయటికి పంపిస్తానని, ఆ రోజు హాజరు పడదని ఆ అధికారి ఖరాఖండిగా చెప్పాడు. షిఫ్టు దిగగానే సదయ్య నేరుగా పోయి పంచాయితీ పెట్టించాడు. పొద్దున గిర్ని నడిపితే కిలో పిండి జుర్మానా అన్నారు.

మర్నాడు సారవ్వ కిలో పిండి తెచ్చి గుమ్మంలో పెట్టింది. నవ్వుతూ వెళ్లి గిర్ని వేసింది. సదయ్య దగ్గాడు. గొంతు పోయేలా దగ్గాడు. ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి ఎంతో మర్యాదగా, "పిండి ముట్టింది గద తమ్మీ" అంది.

ఐదు రోజులు గడిచాయి. ఇంటినిండా రొట్టెలే, కంటినిండా ఎరుపే. లా చదువుతున్న కూతురు సంధ్యారాణి రొట్టె తుంచుతూ పకపకా నవ్వింది.

"ముందుగాల నిన్ను లేపుతున్ననని ఆమెకు సిగ్గుండె బాపూ. ఆ సిగ్గును నువ్వే కిలో పిండికి అమ్ముకున్నవ్. జుర్మానా అనుకున్నవ్ గని, ధర పెట్టినవ్."

జుర్మానా ఐదు కిలోలు చేయిస్తానని సదయ్య ఎగిరాడు. అప్పుడు గిర్ని మూతపడుతుందని, కాలనీ ఆడవాళ్లంతా జొన్నల సంచులతో మన గుమ్మంలోనే కూర్చుంటారని సంధ్యారాణి అంది. ఆ గోల ముందు గిర్ని ఎంత?

ఆరో రోజు పొద్దున సదయ్య భార్యా, కూతురూ మందమర్రిలో పెళ్లికి వెళ్లారు. సదయ్య మిగిలిన పిండి డబ్బాలో పోసుకుని, తిన్న రొట్టెలకు సిగ్గుపడుతూ సారవ్వ ముందు పెట్టాడు.

"జుర్మానా వద్దక్కా. నిద్ర కావాలె."

సారవ్వ అతని కళ్లలోకి చూసింది. వెంటనే మీట నొక్కింది. గిర్ని ఆగింది. వరుసలో ఉన్నవాళ్లను మధ్యాహ్నం రమ్మంది.

సదయ్య ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. మధ్యాహ్నం గిర్ని తిరిగినా లేవలేదు, సాయంత్రం ఆగినా లేవలేదు. చీకటిపడింది, డ్యూటీ బస్సు వేళయింది. లేపే మనిషి ఇంట్లో లేదు.

ఉన్నట్టుండి గోడ అదిరింది. సదయ్య దిగ్గున లేచి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటూ బయటికి ఉరికాడు. సారవ్వ గిర్ని దగ్గర మనుషుల్లేరు, సంచుల్లేవు. గింజ లేక ఉత్త గిర్ని రెట్టింపు మోతతో తిరుగుతోంది. ఆవిడ కిటికీ వైపే చూస్తూ నిలబడి ఉంది.

"తలుపు కొట్టీ కొట్టీ చేతులు వడిపోయినయ్ తమ్మీ. జల్ది పో, బస్సు పోతది."

సదయ్య నవ్వుతూనే పరుగెత్తాడు. కరెంటు ఖర్చు పెట్టి ఉత్త గిర్ని తిప్పినందుకు ధరెంతో ఏ పెద్దమనిషీ చెప్పలేదు. ఆయనా అడగలేదు.