ఊపిరికి సంతకం లేదు

కంపెనీ ప్రకటన టీవీలో మొదటిసారి వచ్చినప్పుడు యస్నా చేపల వేపుడు కొట్టు ముందు నిలబడి ఉంది. తెర మీద నీలంగా పారే నది, తెల్లచొక్కాల పిల్లలు, "రేపటి నీరు మా బాధ్యత" అని పెద్ద పెద్ద అక్షరాలు. వెనకాల గిటార్. ఆ గిటార్ తనది. ఆ పాట తనది. పాడుతున్న గొంతు తమ బ్యాండులోని నివాల్దోది. మాటలు మాత్రం ఎవడో అద్దె మనిషి రాసి ఇచ్చినవి.

కొట్టామె మురిసిపోయి, మీ బ్యాండుకి పేరొచ్చేసిందమ్మా అంటూ పొట్లంలో ఒక ముక్క ఎక్కువ వేసింది. యస్నా ఆ పొట్లం అక్కడే వదిలేసి వచ్చింది.

అసలు ఆ పాట దేని గురించి? నీళ్ళ ట్యాంకు గురించి. ఎడారిలోని సాల్ వియెహా ఊరికి ఉన్న ఒక్క నదినీ కంపెనీ గొట్టాల్లో పెట్టుకుని రాగి గనికి పట్టుకుపోయింది. ఊరి చివర సిమెంటు ట్యాంకు ఎండి నోరు తెరిచింది. ఆ ఎండిన ట్యాంకులోకి దిగి, పైనుంచి జనరేటరు వైరు లాక్కుని, ముగ్గురూ తమ మొదటి ఆల్బమ్ రికార్డు చేశారు. యస్నా గిటార్ తీగల్ని ఎంత కిందికి దించేదంటే, మోత చెవికంటే ముందు అరికాళ్ళకి తెలిసేది. డ్రమ్స్ గమలియేల్‌వి. వాడు లా తిరానా జాతరలో దయ్యాల వేషాల వెంట పెద్ద డోలు మోసి చేతులు కాయలు కట్టినవాడు. బేస్ గిటార్, పాట నివాల్దోవి. ఎడారి రాక్ అంటే ఇంగ్లీషులోనే పాడాలని రాజధాని సాంతియాగో కుర్రాళ్ళు అనుకునే కాలంలో వీళ్ళు స్పానిష్‌లో, అదీ గని మనుషులు తిట్టుకునే స్పానిష్‌లో పాడారు. బ్యాండుకి పేరు కూడా ఇక్కడి దుమ్ము పేరే పెట్టుకున్నారు: చుస్కా.

ఆ ట్యాంకు ఎండబెట్టినవాడికే ఆ పాట అమ్మాడు నివాల్దో. ఇదీ సంగతి. దీనికి ఇంకో పేరు పెట్టి మెత్తగా చెప్పేవాళ్ళు చెప్పుకోవచ్చు.

ఫోన్ చేస్తే సాంతియాగో నుంచి తీరుబడిగా మాట్లాడాడు. ట్యాంకులో చచ్చే పాటని టీవీలో బతికించాను అన్నాడు. ఆల్బమ్ బయటికొస్తే అందరికీ నా గొంతు ముందే తెలిసి ఉంటుంది, మీకూ మంచిదే కదా అన్నాడు. చిన్నప్పుడు యస్నా వాళ్ళింట్లోనే రొట్టె తిని, వాళ్ళ నాన్న పాత బూట్లేసుకుని బడికి వెళ్ళినవాడు.

యస్నా ఫోన్ పెట్టేసి టేపులు బయటికి తీసింది. గిటార్‌కి ఒక వరస, డ్రమ్స్‌కి ఒకటి, బేస్‌కి ఒకటి, గొంతుకి ఒకటి. గొంతు వరస మీద ఇంకేదైనా రికార్డు చేస్తే కింద ఉన్నది పోతుంది. మళ్ళీ రాదు. ఏం పెట్టాలి? గమలియేల్ నువ్వే పాడు అన్నాడు. పాడింది. కోపం ఎక్కువై కీచుమంది, తనకే నచ్చలేదు.

వాళ్ళ నాన్న ఎలెవుతేరియో మంచం మీంచి ఇదంతా వింటున్నాడు. వయసంతా గనిలో రాయి తొలిచినవాడు. ఇప్పుడు ఆ రాయంతా ఊపిరితిత్తుల్లో ఉంది. జన్మలో సిగరెట్టు ముట్టని మనిషికి కంపెనీ డాక్టరు సిగరెట్ల జబ్బని రాసిచ్చాడు. చివరికి కంపెనీ దయ తలిచి ఆక్సిజన్ సిలిండర్లు పంపడానికి ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఈ జబ్బు గురించి రేడియోలో గానీ పేపర్లో గానీ ఏ రికార్డులో గానీ ఒక్క మాట మాట్లాడినా సిలిండర్ల వ్యాను రాదు. ముసలాయన సంతకం పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు, గాలి వాళ్ళ చేతిలో ఉంది.

ఆయన మాస్కు తీసి కూతుర్ని పిలిచాడు. "మాట్లాడనని రాసిచ్చాను. ఊపిరి పీల్చనని రాసివ్వలేదు కదే?"

యస్నాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వద్దంది. సిలిండర్లు ఆపేస్తే ఏం చేస్తావని గట్టిగానే అడిగింది.

"ఆపితే నెల ముందు పోతాను. కంపెనీవాడు నా నీళ్ళు పట్టుకుపోయాడు, నా ఊపిరి పట్టుకుపోయాడు, ఇప్పుడు మన పాట కూడానా? పట్రా ఆ మైకు."

మాస్కు లేకుండా ఆయన తీసే ఊపిరి ఎలా ఉంటుందో గని ఊళ్ళవాళ్ళకి చెప్పక్కర్లేదు. కంకర మీద రేకు ఈడ్చినట్టుంటుంది. లోపలికి పోయేటప్పుడు ఈల, బయటికొచ్చేటప్పుడు గరగర. అదే నివాల్దో గొంతు ఉన్నచోటల్లా యస్నా ఎక్కించింది. మధ్యమధ్య ఆపి, మాస్కు పెట్టి, పెదాలకి రంగు తిరిగొచ్చాక మళ్ళీ. ప్రతి పాటా అలాగే అయింది, చివరిది తప్ప. ఆ ఒక్క పాటలో నివాల్దో గొంతు ఉంచేసింది. ఎందుకని గమలియేల్ అడిగితే, బాగా పాడాడు అంది.

క్యాసెట్లు గమలియేల్ ఇంట్లోనే కాపీ చేశారు. ఆంతోఫగాస్తా పట్నం రేడియోలో ఒకడు ట్యాంకు పాట వేశాడు. విన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. ఆ తర్వాత జరిగింది మాత్రం యస్నా కూడా అనుకోలేదు. టీవీలో కంపెనీ ప్రకటన వచ్చి ఆ గిటార్ మొదలవగానే, సారా కొట్లలో జనం నివాల్దో పాడేచోట ముసలాయనలా ఊపిరి పీల్చడం మొదలుపెట్టారు. ఈల, గరగర. బస్సులో డ్రైవరు అలా పీలిస్తే వెనక సీటుదాకా అందుకునేవాళ్ళు. ప్రకటనలో తెల్లచొక్కాల పిల్లలు నవ్వుతుంటే ఊరంతా రొప్పేది. కంపెనీ దాన్ని టీవీలోంచి తీసేసింది. సాంతియాగోలో నివాల్దోకి ఇస్తామన్న రికార్డుల ఒప్పందం కూడా కొండెక్కింది.

ఒక మధ్యాహ్నం కంపెనీ లాయరు వచ్చాడు, ఇస్త్రీ చొక్కా నిండా దుమ్ముతో. వెంట నివాల్దో. ముసలాయన గొంతు గుర్తుపట్టడానికి తెచ్చుకున్నాడట. యస్నా ఇద్దరికీ టీ పోసి క్యాసెట్టు పెట్టింది.

లాయరు కలం పట్టుకుని పాట తర్వాత పాట విన్నాడు. బతుకులో అలాంటి మోత విని ఉండడు. కప్పులో టీ వణికింది. ఒక్క మాట దొరుకుతుందేమోనని ముందుకి వంగి, స్పీకరుకి చెవి పెట్టి, మళ్ళీ వెనక్కి తిప్పించి విన్నాడు. నివాల్దో మాత్రం పాట పాటకీ ఇంకా కిందికి చూశాడు. తను పాడిన ప్రతి చోటూ తెలుసు కదా. ప్రతి చోటా ముసలాయన.

"ఈ శబ్దం ఎవరిది?" అని లాయరు నివాల్దోని అడిగాడు.

నివాల్దో టీ కప్పు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎలెవుతేరియో తనే మాస్కు తీసి ఊపిరి పీల్చాడు. స్పీకర్లో ఒకటి, మంచం మీద ఒకటి, రెండూ ఒకటే.

"రాసుకోండి బాబూ," అన్నాడు. "ఏం రాస్తారో చదివి వినిపించండి."

లాయరు కలానికి మూత పెట్టాడు. ఏం రాస్తాడు? ఇతను ఊపిరి పీల్చి షరతు తప్పాడని కోర్టులో చదివితే మొత్తం దేశం రొప్పుతుంది, అదీ లాయరుకి తెలుసు. వ్యాను ఎప్పట్లాగే వస్తుందని గొణిగి కారులో కూర్చోడానికి వెళ్ళిపోయాడు.

నివాల్దో వెళ్ళలేదు. అప్పటికి చివరి పాట నడుస్తోంది. తన గొంతు విని తలెత్తాడు.

"ఇది ఉంచావు," అన్నాడు.

యస్నా ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టింది.

"మిగతావి కూడా ఎక్కడో దాచే ఉంటావు. నాకు తెలుసు నీ సంగతి. ఇచ్చెయ్ యస్నా. సాంతియాగోలో నన్నెవరూ పిలవట్లేదు. నా దగ్గరంటూ ఏం లేదు, ఆ గొంతు తప్ప."

"మా నాన్న కింద ఉంది," అంది యస్నా. "తవ్వుకో."

అతను ముసలాయన వైపు తిరిగాడు. "బాబాయ్, నువ్వన్నా చెప్పు. మీ ఇంట్లో పెరిగినవాణ్ణి."

ఎలెవుతేరియో అతని బూట్లకేసి కాసేపు చూశాడు. కొత్తవి, మెరుస్తున్నాయి. తర్వాత కూతురితో అన్నాడు. "ఇందులో నేను లేనేంటే?"

"వద్దు నాన్నా. అలిసిపోయావు."

"వీడున్నచోట నేనుంటాను. పట్రా."

యస్నా కదల్లేదు. ఆ పాట తనూ నివాల్దో కలిసి ట్యాంకు గోడ మీద కూర్చుని కట్టినది. అందులో నది లేదు, కంపెనీ లేదు. అందుకే ఉంచింది. అది వేరే పాట అని తనకి తనే నచ్చచెప్పుకుంది. ఇప్పుడు నివాల్దో ముఖం చూసింది. అతనప్పుడే ధైర్యం తెచ్చుకుంటున్నాడు. ఈ పిల్లకి నేనంటే ఇంకా మెత్తదనం ఉంది, ఇంకొంచెం అడిగితే కరుగుతుంది అని లెక్కేసుకుంటున్న ముఖం అది. ఫోన్లో తీరుబడిగా మాట్లాడినప్పుడు కూడా ఇదే ముఖం పెట్టుకుని ఉంటాడు.

క్యాసెట్టు ఆపి, లోపలికి వెళ్ళి రికార్డింగు మిషనూ మైకూ తెచ్చింది. ఆ పాట అసలు టేపు ఎక్కించింది. హెడ్‌ఫోన్లు తను పెట్టుకుంది. అతనికి ఇవ్వలేదు. ఎర్ర బటన్ నొక్కింది.

గదిలో పాట లేదు. ముసలాయన ఊపిరి ఒక్కటే ఉంది, ఈల, గరగర. హెడ్‌ఫోన్లలో గిటార్, డోలు, బేస్ వస్తున్నాయి. గొంతు రావాల్సిన చోట ఏమీ రాలేదు. చెరుగుతున్నది ఎవరికీ వినపడదు.

నివాల్దో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బయట లాయరు హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. అది కూడా టేపులోకి ఎక్కింది. యస్నా ఆపలేదు.